ఉదయగిరి కోట ఎక్కే ముందు

కోటలు చూడటానికి మన పిల్లలు వెళ్తూనే ఉంటారు. బస్సు దిగుతారు, గోడ ముందు నిలబడి ఫోటో దిగుతారు, కట్టించుకుపోయిన పులిహోర తింటారు, చీకటి పడేసరికి హాస్టలుకు వచ్చేస్తారు. మర్నాడు ఏం చూశారని అడిగితే "పెద్ద గోడ చూశాం మేడమ్" అంటారు. పిల్లలను అని లాభం లేదు. ఆ గోడ ఎవరు కట్టించారో అక్కడి బోర్డు మీద ఉంటుంది. రాళ్ళు ఎవరు మోశారో, మోసేవాళ్ళకు తిండిగింజలు ఎవరు తెచ్చారో, చుట్టూ ఉన్న అడవిలో ఎవరు బతికారో బోర్డు మీద ఉండదు. ఆ సంగతులు కొన్నిటినైనా మన తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు అందించాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

మాది తర్లుపాడు వైపు గిరిజన బాలికల హాస్టల్. సుగాలి, ఎరుకల, యానాది, చెంచు పిల్లలు కలిసి ఉంటారు. ఈసారి క్షేత్ర పర్యటనకు ఉదయగిరి కోట అనుకున్నారు. ఒక్కో హాస్టల్ నుంచి ఒక పిల్ల కొండ కింద నిలబడి ఆ కోట చరిత్ర ఐదు నిమిషాలు చెప్పాలి. మా దగ్గర తొమ్మిదో తరగతి చదివే ఒక సుగాలి అమ్మాయిని ఎంచుకున్నాం. చదువులో చురుకైన పిల్ల, గొంతు పెద్దది. పేరు ఇక్కడ రాయడం లేదు, చిన్నపిల్ల కదా.

పేరు చదవగానే ఆ అమ్మాయి "నేను రాను మేడమ్" అంది. జ్వరమా, భయమా అంటే రెండూ కాదు. ఆరో తరగతిలో ఉండగా వేరే ఊళ్ళో ఇంకో కోట చూడటానికి వెళ్ళిందట. అక్కడ వివరాలు చెప్పే ఆయన గోడ మీద నుంచి అడవి చూపించి, "వెనకట ఆ అడవినిండా దొంగ జాతులు ఉండేవి, వాళ్ళ నుంచి కాపాడటానికే ఈ గోడ" అన్నాడట. క్లాసు పిల్లలంతా వెనక్కి తిరిగి ఈ పిల్లను చూశారట. "కోట రాజులది మేడమ్. అందులో మనోళ్ళు ఉంటే దొంగల్లాగానే ఉంటారు. ఐదు నిమిషాలు నేనేం చెప్పేది?" అంది.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా పిల్లను బస్సెక్కిస్తే మేం చదివిన బీఈడీకి అర్థం ఉండదు. అందుకని రోజూ రాత్రి స్టడీ అవర్ అయ్యాక అరగంట ఆ అమ్మాయిని కూర్చోబెట్టుకుని చదవడం మొదలుపెట్టాం. రెండో రోజుకి ఇంకో ఏడుగురు పిల్లలు వచ్చి చేరారు.

ముందు కోట సంగతి. ఉదయగిరి ఇప్పుడు నెల్లూరు జిల్లాలో ఉంది. మనకు కనిగిరి, పామూరు మీదుగా దారి. వెలిగొండల వరుసలో సుమారు 3,000 అడుగుల ఎత్తున్న కొండ మీద కోట. ఒక్క కోట అనడం కూడా సరికాదు. కొండ మీద 8, కింద 5, మొత్తం 13 కోటల వరుస అని పాత గెజిటీర్లు రాశాయి. చాలా వైపుల నిట్టనిలువుగా రాయి ఉంటుంది కాబట్టి గోడ అవసరం అక్కడక్కడే. మొదట కట్టించింది లాంగూల గజపతి అని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. విజయనగర రాజ్యం పుట్టిన కొత్తల్లోనే, 14వ శతాబ్దం మధ్యలో, ఇది ఆ రాజ్యానికి తూర్పు దిక్కు ముఖ్య స్థానం అయింది. హరిహర రాయల తమ్ముడు కంపరాయలు ఇక్కడ నుంచి ఏలాడు. తర్వాత 15వ శతాబ్దంలో కటకం గజపతుల చేతికి పోయింది. మన పశ్చిమ ప్రకాశం ఊళ్ళు చాలా వరకు ఈ కోట పట్టులో ఉన్నవే. ఉదయగిరి ఎవరిదైతే ఈ కొండల మధ్య దారులు వాళ్ళవి.

అందుకే కృష్ణదేవరాయలు గద్దెనెక్కిన నాలుగేళ్ళకు, 1513లో, గజపతి మీద యుద్ధానికి దిగినప్పుడు మొదట ఉదయగిరి మీదికే వచ్చాడు. ముట్టడి సుమారు ఏడాదిన్నర సాగింది. 1514 జూన్‌లో కోట లొంగింది. కోటను కాస్తున్న గజపతి బంధువు తిరుమల రౌతురాయలు పట్టుబడ్డాడు. కోటలోని బాలకృష్ణుడి విగ్రహాన్ని రాయలు హంపికి తీసుకుపోయి, అక్కడ గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠ చేయించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. ఇంతవరకు పాఠ్యపుస్తకం పిల్లలకు కూడా తెలిసిన కథే. ఇక్కడ దాకా చెప్పి ఆపేస్తే ఐదు నిమిషాలు ఇట్టే నిండిపోతాయి, చప్పట్లు కూడా పడతాయి.

మేం ఆపలేదు. ఫెర్నావో నూనిజ్ అని ఒక పోర్చుగీసు గుర్రాల వ్యాపారి ఉన్నాడు. ఈ యుద్ధం జరిగిన ఇరవై ఏళ్ళకు విజయనగరంలో ఉండి, విన్న సంగతులు రాసిపెట్టాడు. 1900లో రాబర్ట్ స్యూయెల్ దాన్ని ఇంగ్లీషులో అచ్చువేశాడు. రాయలు ఉదయగిరి మీదికి 34,000 మంది కాల్బలంతో, 800 ఏనుగులతో వచ్చాడని, కోట లోపల 10,000 మంది కాల్బలం, 400 గుర్రాలు ఉన్నాయని నూనిజ్ లెక్క చెప్పాడు. కోటకు ఒక్కవైపు నుంచే దారి ఉందని, అదీ ఒకరి వెనక ఒకరు నడవాల్సినంత ఇరుకని రాశాడు. రాయలు అక్కడ వెడల్పాటి బాట వేయించాడట. అదొక్కటే కాదు, కోట దగ్గరికి చేరడానికి ఇంకా చాలా బాటలు వేయించాడట.

ఈ మాట దగ్గర పిల్లలను ఆపాం. "బాట వేయించాడు అంటే ఏంటి?" అని అడిగాం. మన పిల్లలకు ఉపాధి హామీ పని తెలుసు. గట్టు పని, రోడ్డు పని అమ్మానాన్నల వెంట వెళ్ళి చూసినవాళ్ళే. చెట్లు కొట్టాలి, తుప్పలు నరకాలి, బండలు పగలగొట్టాలి, మట్టి మోయాలి అని గబగబా చెప్పేశారు. ఎవరు చేసి ఉంటారు అంటే కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఒక చెంచు పిల్ల మెల్లగా, "అడవిలో యాడ నీళ్ళుంటాయో యాడ బండ ఉంటదో తెలిసినోళ్ళు ముందు నడవాలి కదా మేడమ్" అంది. నూనిజ్ ఆ పేర్లు రాయలేదు. కానీ అడవి తెలిసినవాడు ముందు నడవనిదే ఏ సైన్యమూ వెలిగొండల్లోకి రాలేదన్నది చరిత్ర చదవని పిల్లకు కూడా తట్టే సంగతి.

మర్నాడు లెక్కల క్లాసు పెట్టాం. 34,000 మందికి మనిషికి రోజుకు అరకిలో గింజలు అనుకుందాం, మా హాస్టల్ కొలతలతో చూస్తే అది ఎక్కువేమీ కాదు. రోజుకు 17,000 కిలోలు, అంటే 170 క్వింటాళ్ళు. పెరికె ఎద్దు ఒక్కటి క్వింటా మోస్తుంది అనుకుంటే రోజూ 170 ఎద్దులు ఆ కొండ కిందికి రావాలి. ఏడాదిన్నరకు సుమారు 540 రోజులు. మొత్తం 90 వేల క్వింటాళ్ళు దాటుతుంది. ఏనుగుల మేత, గుర్రాల ఉలవలు, ఉప్పు, నూనె ఇందులో లేవు. ఈ లెక్క మనం ఊహించుకున్నదే, రాయల కాలం నాటి కాగితం కాదు. అయినా బోర్డు మీద నలుపు చేసి చూపించేసరికి పిల్లలు నోళ్ళు తెరిచారు. యుద్ధం అంటే కత్తులు అనుకున్నారు, గోతాలు అని అప్పుడు తెలిసింది.

ఆ ఊపులో మా అమ్మాయి లేచి, "అయితే రాయల సైన్యానికి అన్నం పెట్టింది మా సుగాలోళ్ళే మేడమ్! నేను అదే చెబుతా" అంది. మాకూ ఆ మాట వినడానికి బాగానే ఉంది. కానీ వద్దన్నాం. 1513 నాటికి ఉదయగిరి దగ్గర సుగాలీల ఎద్దులు ఉన్నాయనడానికి రుజువు చూపించలేం. బంజారాల బిడారులు దక్కనులోకి పెద్ద ఎత్తున వచ్చింది 17వ శతాబ్దంలో, మొగలు సైన్యాల వెంట. రుజువు లేని గొప్ప చెప్పుకుంటే రేపు ఎవరో ఒకరు అడిగినప్పుడు తల దించుకోవాలి. రుజువు ఉన్న గొప్పే మనకు బోలెడంత ఉంది. ఈ సంచిక చదివే యువతకు కూడా ఈ మాట గట్టిగా చెబుతున్నాం. ఫోన్లలో తిరిగే మన జాతి చరిత్రల్లో సగం ఇట్లాంటి లేని గొప్పలే ఉంటున్నాయి. వాటివల్ల ఉన్న గొప్ప కూడా జనం నమ్మకుండా పోతుంది.

రుజువు ఉన్నది ఇది. 1632లో పీటర్ మండీ అనే ఇంగ్లీషు వ్యాపారి ఉత్తర దేశంలో ప్రయాణం చేస్తూ 14,000 ఎద్దులున్న బంజారా తాండాను చూసి రాసుకున్నాడు. ఎద్దులన్నిటి మీదా ధాన్యం. ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు అందరూ వెంటే. ఆ శతాబ్దంలోనే తావెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వ్యాపారి పది పన్నెండు వేల ఎద్దుల బిడారులు ఎదురైతే దారి ఇవ్వడానికి రెండు మూడు రోజులు ఆగాల్సి వచ్చేదని రాశాడు. మన గోర్‌బోలిలో ఆ ఎద్దుల వ్యాపారానికి లదేణి అని పేరు. అమ్మాయి వాళ్ళ నాయనమ్మను ఫోనులో అడిగితే లదేణి మాట ఆమెకు తెలుసు, చేసినవాళ్ళను మాత్రం చూడలేదు. "మా తాతకు తాత చేసేవాడంట" అంది. 1791-92లో టిప్పు సుల్తాను మీద శ్రీరంగపట్నం దాకా నడిచిన కారన్‌వాలీసు సైన్యానికి కూడా తిండిగింజలు తెచ్చింది బంజారాల ఎద్దులే. యుద్ధం ఎవరిదైనా గింజలు మోసేవాళ్ళను ఇరుపక్షాలూ తాకకుండా వదిలేసే ఆచారం ఉండేది. వాళ్ళను దోచుకుంటే ఆ తర్వాత తమ సైన్యానికి గింజలు దొరకవు.

ఎరుకలవాళ్ళదీ ఇట్లాంటి కథే. ఉప్పు ఎరుకల అన్న పేరు ఊరికే రాలేదు. కోస్తా ఉప్పు కొటారుల నుంచి ఉప్పు ఎత్తుకుని, గాడిదల మీద, ఎద్దుల మీద కొండలు దాటించి, లోపలి ఊళ్ళలో గింజలకు మార్చుకుని తిరిగి వచ్చేవాళ్ళు. తూర్పు తీరం నుంచి నల్లమల అవతలికి పోవాలంటే మన ఊళ్ళ మీదుగా ఒక దారి. కనుమ దారుల్లో కాపలా కోటలు ఎందుకున్నాయో అప్పుడు అర్థమవుతుంది. ఆ దారిన పోయే ప్రతి పెరికె మీదా కోటకు సుంకం రావాలి. అంటే కోట బతికింది మనవాళ్ళ కాళ్ళ మీద. 1805లో కుంపిణీ వాళ్ళు మద్రాసు రాజ్యంలో ఉప్పును సర్కారు గుత్త చేశారు. 1880లలో నల్లమలను తొలిచి రైలు దారి వేశారు. గుంటూరు నుంచి గుంతకల్లు పోయే ఈ లైను, మన తర్లుపాడు స్టేషను ఉన్న లైను అదే. రోజూ రైలు కూత వింటూ పెరిగిన మా పిల్లలకు ఈ రైలే తమ తాతల ఎద్దులను ఆపేసిందని చెబితే నమ్మడానికి కాస్త సమయం పట్టింది.

బతుకుతెరువు పోయిన తర్వాత వచ్చిందే "దొంగ జాతి" అన్న ముద్ర. 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మార్చి మద్రాసు రాజ్యానికి కూడా వర్తింపజేశారు. ఎరుకలవాళ్ళ మీద, లంబాడీల్లో కొన్ని గుంపుల మీద, యానాదుల్లో కొందరి మీద అది పడింది. పుట్టుకతోనే నేరస్థుడు అన్నమాట. వేలిముద్రలు ఇవ్వాలి, ఊరు దాటితే చెప్పి పోవాలి. బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంటు ఆ రోజుల్లో పెట్టిందే. స్వతంత్రం వచ్చిన ఐదేళ్ళకు, 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. అంటే కోట గోడ వయసు ఆరేడు వందల ఏళ్ళు, ఆ ముద్ర వయసు నూటయాభై ఏళ్ళు. ఆ గోడ కట్టింది ఈ "దొంగల" నుంచి కాపాడటానికి అన్నవాడికి లెక్కలు రావు. ఈ ఒక్క వాక్యం మా అమ్మాయి నోట్సులో రెండుసార్లు గీత గీసుకుంది.

ఇక అడవి సంగతి. ఇది చెప్పడానికి మాకు దొరికిన పుస్తకం కృష్ణదేవరాయలదే. ఆముక్తమాల్యద అంటే గోదాదేవి కథ అనుకుంటారు. అందులో నాలుగో ఆశ్వాసంలో రాజు ఎట్లా ఏలాలో చెప్పే భాగం ఉంది. గడి కోటల దగ్గర అడవిని పెంచమంటాడు, రాజ్యం నడిమధ్యలో ఉన్న అడవిని కొట్టించమంటాడు. మన్యంలో ఉండేవాళ్ళ గురించి కూడా చెప్పాడు. వాళ్ళ తప్పులు వెతుకుతూ కూర్చోవడం మట్టిగోడను కడిగినట్టే, ఎంత కడిగినా తెమలదు అంటాడు. కోపంతో వాళ్ళను తుడిచిపెట్టడం ఏ రాజు వల్లా కాదు అంటాడు. మంచిగా చూసుకుని, దానం చేసి దగ్గర చేసుకుంటే శత్రువు నేల మీదికి పోయి అతని కోటలు కొల్లగొట్టి వస్తారు అంటాడు.

ఈ మాటలు మేం పిల్లలకు దాచకుండా చెప్పాం. అందులో గౌరవం ఎంత ఉందో వాడుకోవడం కూడా అంతే ఉంది. మట్టిగోడ పోలిక వినగానే ఒక యానాది పిల్ల ముఖం ముడుచుకుంది. కానీ ఉదయగిరి ముట్టడి ఏడాదిన్నర చూసిన రాజు రాసిన మాటలివి. గడి కోట బలం రాతిగోడలో ఎంత ఉందో చుట్టూ ఉన్న అడవిలో, ఆ అడవిలో బతికే జనంలో అంత ఉందని అతనికి తెలుసు. మా అమ్మాయి దీన్ని తన మాటల్లో ఇట్లా రాసుకుంది: "కోటకు రెండు గోడలు. ఒకటి రాయి, ఒకటి అడవి. రెండో గోడలో మనుషులు ఉంటారు." మేం ఒక్క అక్షరం దిద్దలేదు.

రాళ్ళు మోసినవాళ్ళ గురించి శాసనాలు ఏమీ చెప్పవా అంటే, ఒకటి చెబుతుంది. ఉదయగిరి నుంచి ఏలిన భాస్కర భవదూరుడు, బుక్కరాయల కొడుకు, కడప జిల్లా పోరుమామిళ్ళలో పెద్ద చెరువు తవ్వించాడు. 1369 నాటి ఆ శాసనం రోజూ 1,000 మంది కూలీలు రెండేళ్ళు పనిచేశారని, రాయి తోలడానికి 100 బండ్లు పెట్టారని లెక్క చెబుతుంది. చెరువు ఎట్లాంటి చోట తవ్వాలో, ఏ తప్పులు చేయకూడదో కూడా అందులో ఉంది. తవ్వించినవాడి వంశం, బిరుదులు శ్లోకాల్లో వస్తాయి. వెయ్యి మందిలో ఒక్కరి పేరూ లేదు. కానీ వెయ్యి అన్న అంకె ఉంది. పేరు చెక్కకపోయినా అంకె చెక్కినవాళ్ళకు మేం రుణపడ్డాం అనుకుంటాం. చాలా కోటలకు ఆ మాత్రం కూడా లేదు.

మన దగ్గర కథ ఇంకొకటి ఉంది, గిద్దలూరుది. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కుంపిణీ మీద తిరగబడి కోయిలకుంట్ల ఖజానా కొట్టినప్పుడు, ఆయన వెంట బోయలు, చెంచులు, లంబాడీలు నడిచారని చరిత్రకారులు రాశారు. గిద్దలూరు దగ్గర పోరు జరిగింది, నల్లమల వాళ్ళకు ఆశ్రయం ఇచ్చింది. 1847 ఫిబ్రవరి 22న ఆయన్ను ఉరితీశారు. తలను కోయిలకుంట్ల కోట గోడకు వేలాడదీసి 1877 దాకా అట్లాగే ఉంచారు. సినిమా చూసినవాళ్ళకు నరసింహారెడ్డి తెలుసు. వెనక నడిచిన చెంచులు, లంబాడీలు ఎవరో సినిమా చూసినా తెలియదు.

కోటలన్నీ పరాయివే అనుకోవద్దని ఇంకో సాయంత్రం చెప్పాం. ఉట్నూరులో గోండు రాజుల కోట ఉంది. మహారాష్ట్రలో చంద్రపూర్ కోట గోండు రాజులదే. గోండ్వానా రాణి దుర్గావతి 1564లో అక్బరు సైన్యంతో పోరాడుతూ ప్రాణం వదిలింది. దీన్ని ఎక్కువ సాగదీయలేదు. మన పిల్లలకు రాణుల కథలు టీవీలో చాలానే దొరుకుతాయి.

మాకు ఎక్కువ ఉపయోగపడింది కైఫీయతుల ముచ్చట. కాలిన్ మెకంజీ అనే కుంపిణీ అధికారి 1794లో శ్రీశైలం వెళ్ళాడు, అక్కడి చెంచుల గురించి కూడా రాశాడు. తర్వాత కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరుల్లాంటి తెలుగువాళ్ళను పెట్టుకుని ఊరూరి చరిత్ర రాయించాడు. వాటినే కైఫీయతులు అంటారు. ఊరు ఎట్లా పుట్టింది, గుడి ఎవరిది, చెరువు ఎవరిది, కోట ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి పోయింది అని కరణాలను, పూజారులను అడిగి రాసుకున్నారు. మంచి పని, అది లేకపోతే మన జిల్లా చరిత్ర సగం ఉండేది కాదు. అయితే తాండాలో కరణం ఉండడు. పెంటలో పూజారి కాగితం మీద రాసుకోడు. అడిగినవాళ్ళు కాగితం ఉన్న ఇంటికే పోయారు.

కాబట్టి ఉదయగిరి పోయేలోపు ఎవరి కైఫీయతు వాళ్ళు రాయాలన్నాం. తాండాకు ఆ పేరు ఎందుకొచ్చింది, మొదట దిగిన నాయక్ ఎవరు, ఎక్కడ నుంచి వచ్చారు, ఏ బావి నీళ్ళు తాగారు, ఎద్దులు ఎప్పుడు అమ్మేశారు, ఏ కరువులో ఎవరు వలస పోయారు. ఇంట్లో పెద్దవాళ్ళను ఫోనులో అడిగి రాయాలి. మా అమ్మాయి అమ్మానాన్నలు మిరపకాయ కోతలకు గుంటూరు వైపు పోయి ఉన్నారు. పర్యటనకు పంపే అనుమతి కాగితం మీద సంతకం కావాలని ఫోను చేస్తే వాళ్ళ నాన్న, "కోట చూస్తే ఏమొస్తది మేడమ్, పరీక్షలు పెట్టుకుని" అన్నాడు. అమ్మాయే ఫోను తీసుకుంది. గోర్‌బోలిలో పది నిమిషాలు మాట్లాడింది. లదేణి, ఎద్దులు, రైలు అన్న మాటలు మాకు అందాయి. తర్వాత మాకు ఫోను ఇచ్చి, "పంపమన్నాడు మేడమ్. వాళ్ళ ముత్తాత ఎద్దు మెడకు కట్టిన కంచు గంట ఇంట్లో ఉందంట, నాయనమ్మ దగ్గర అడిగి తీసుకుపొమ్మన్నాడు" అంది. కాగితం మీద నాయనమ్మ వేలిముద్ర వేసి పంపింది. గంట మాత్రం పంపలేదు. పోగొడతారని భయం.

ఇక ప్రయాణం ఏర్పాట్లు, ఇవి కూడా తెలిస్తే మీ ఊరి పిల్లలను తీసుకుపోయేటప్పుడు పనికొస్తాయి. ఉదయగిరి కొండ ఎక్కడం అంత తేలిక కాదు. ఎండ ముదరకముందే ఎక్కడం మొదలుపెట్టాలి. పైన నీళ్ళు అమ్మే కొట్టు ఉంటుందని అనుకోవద్దు, మనిషికి రెండు లీటర్లు చొప్పున కింద నుంచే మోసుకోవాలి. రక్తం తక్కువ ఉన్న పిల్లలను ముందుగా ఏఎన్ఎంతో చూపించి, పైదాకా ఎక్కేవాళ్ళు ఎవరు, కింద రంగనాయకుల గుడి దగ్గర ఉండేవాళ్ళు ఎవరు అని విడదీశాం. కింద ఉండేవాళ్ళకు వేరే పని ఇచ్చాం. ఉదయగిరిలో చెక్క గరిటెలు చేస్తారు, ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఏ చెట్టు కర్రతో ఏ గరిటె చేస్తారు, కర్ర ఏ కొండ నుంచి ఎవరు తెస్తారు, కిలో కర్రకు తెచ్చినవాళ్ళకు ఎంత ఇస్తారు అని ఆ పనివాళ్ళను అడిగి రాసుకోవాలి. పైన కోట చూసినవాళ్ళకు ఎంత చరిత్ర దొరుకుతుందో వీళ్ళకూ అంత దొరుకుతుంది. ఆడపిల్లలు కాబట్టి ప్యాడ్లు, మార్చుకోవడానికి ఒక జత, పాలిథీన్ కవర్లు ఒక సంచిలో వేరుగా పెట్టాం. గోడల మీద పేర్లు గీకవద్దని చెప్పాల్సిన పని ఈసారి పడలేదు. శాసనం అంటే ఏంటో తెలిసిన పిల్లలు గోడ మీద మేకుతో గీకరు.

తిరుగు ప్రయాణం కంభం మీదుగా పెట్టుకున్నాం. ఇది మా అమ్మాయి అడిగినదే. గజపతి ఓడిపోయి రాజీపడ్డాక కూతురిని కృష్ణదేవరాయలకు ఇచ్చి పెళ్ళి చేశాడు. ఆమెను తుక్కాదేవి అంటారు, జగన్మోహిని అంటారు. ఆ రాణి వరదరాజమ్మ పేరుతో కంభంలో ఉండిపోయి, గుండ్లకమ్మకు అడ్డంగా రెండు కొండల నడుమ కట్ట కట్టించిందని మన వైపు చెప్పుకుంటారు. ఉదయగిరిలో మొదలైన యుద్ధం కథ అట్లా మన కంభం చెరువులో వచ్చి కలుస్తుంది. 2020లో ఆ చెరువుకు ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు వచ్చింది. ఓడిన రాజు కూతురు కట్టించిన చెరువు కింద ఈ రోజుకీ వరి పండుతోంది. గెలిచిన కోటలో ఎవరూ కాపురం లేరు.

ఇది రాస్తున్న నాటికి ప్రయాణానికి ఇంకా తొమ్మిది రోజులుంది. మా అమ్మాయి ఐదు నిమిషాల ప్రసంగం గడియారం పెట్టి చదివితే ఎనిమిది నిమిషాలు వస్తోంది. రాజుల పేర్లు రెండు తీసేస్తానంటోంది. ఏ రెండు తీయాలో తనే తేల్చుకోమన్నాం. ఎద్దుల లెక్క మాత్రం తీయదట. కైఫీయతులు ఇప్పటికి పదకొండు వచ్చాయి, అందులో ఒకటి పెంటలో ఉండే చెంచు తాత చెప్పగా మనవరాలు రాసింది. ఈ సంచిక చూసి మీ తాండా, మీ పెంట, మీ కాలనీ కైఫీయతు రాసి పంపితే సంఘం వాళ్ళకు ఇవ్వడానికి అన్నీ ఒక ఫైలులో కుడుతున్నాం. చేతిరాత అయినా ఫర్వాలేదు. పెద్దవాళ్ళు చెప్పిన మాట వాళ్ళ భాషలోనే ముందు రాయండి, తెలుగు కింద రాయండి. చెప్పినవాళ్ళ వయసు, ఏ తేదీన చెప్పారో పైన వేయడం మర్చిపోవద్దు.